పదిహేడున్నర

చిత్తడి నేలల ఆఫీసులో నా ఉద్యోగం.
యెల్గవాలో, నది పక్కన, మూడో అంతస్తు.
సిరా వెలిసిన పాత పటాల మీది మురుగు కాలువల్ని
తెరమీదికి ఎక్కిస్తాను.
ఒక నొక్కు, కాస్త జరుపు, ఇంకో నొక్కు.
రోజుకు పదకొండు కిలోమీటర్ల నీళ్లు పారిస్తాను,
కుర్చీలోంచి లేవకుండా.

చేయి తిరిగిన మనిషినని పేరు.
తిరిగీ తిరిగీ ఈ చలికాలం
చేయి తిరగడం మానేసింది.
రై రొట్టె కోస్తుంటే కత్తి జారింది.
రాత్రిళ్లు బొటనవేలి మొదట్లో
ఎవరో సన్నని తీగ లాగి వదులుతున్నారు.
ముంజేతి నొప్పికి అద్దమెందుకనుకున్నాను గాని
డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించే చెప్పింది:
"ఎముకలు బాగానే ఉన్నాయి, వెల్గా.
మార్చాల్సింది చేతిని కాదు, చేతిలో ఉన్నదాన్ని."

పాత మౌసును కోటు జేబులో వేసుకుని వెళ్లాను,
తోక చుట్టేసి.
కొట్టులో కుర్రాడు రైటిస్,
గడ్డం ఉంచాలో తీసేయాలో ఇంకా తేల్చుకోనివాడు,
దాన్ని దీపం కింద పెట్టి చూశాడు.
ఎడమ బొత్తం మీద నా చూపుడువేలు
తొమ్మిదేళ్లు తొలిచిన గుంట మెరిసింది.
బూట్లు విప్పితే మేజోడు చిరుగు బయటపడ్డట్టు
ఎందుకో సిగ్గేసింది.

స్కేలు తీసి నా చేయి కొలిచాడు,
మణికట్టు నుంచి నడిమివేలి కొసదాకా.
పదిహేడున్నర.
ఉంగరం కొన్నప్పుడు ఒక్క వేలినే కొలిచారు.
చేతినంతా ఎవరూ కొలవలేదు.

నాలుగు పెట్టాడు బల్లమీద, ఒక్కదానికీ తోక లేదు.
మొదటిదాని మీద నా చేయి
గుర్రమెక్కిన పిల్లలా వేలాడింది.
రెండోదాని పక్కలో నీలం బంతి,
చేయి కదపక్కర్లేదట, బొటనవేలితో దొర్లిస్తే చాలట.
నొప్పంతా ఆ వేలికే నాయనా, అన్నాను.
మూడోది నొక్కితే చప్పుడు కాదు.
ఔస్మాకి పండగే. ఎదురు బల్ల మనిషి,
నా టిక్కుటిక్కులకు ఏళ్లుగా పళ్లు కొరుకుతోంది.
కాని చప్పుడు లేకపోతే
కాలువ పడిందో లేదో నాకెలా తెలియాలి?
నొక్కిందే మళ్లీ నొక్కాను. మళ్లీ.
తాళం వేశామా అని
వీధి చివరి నుంచి వెనక్కి వచ్చినట్టు.

నాలుగోది నిలబడి ఉంది,
ఒకవైపు ఒరిగిన రాయిలా.
"చూడకండి, కళ్లు రంగును కొంటాయి.
ఎవరికో చేయి అందిస్తున్నట్టు పట్టుకోండి."
కళ్లు మూశాను.
ముంజేతిలో మెలిపడ్డ రెండెముకలు
విడివడి పక్కపక్కన పడుకున్నాయి.
ఎవరి చేయో తెలియదు గాని
వదలబుద్ధి కాలేదు.
ధర చెప్పాడు. కొండను తవ్విన కూలీ అంతా
ఈ ఎలుకకే పోసి ఇంటికొచ్చాను.

మొదటి వారం ఏమీ కుదరలేదు.
బాణం గుర్తు తాగినవాడిలా నడిచింది.
ఒక రైతు గొడ్లపాక మధ్యలోంచి కాలువ తీశాను.
ఔస్మా నవ్వితే, చెరిపాను.
ఇదివరకు చూపుకన్నా చేయి ముందుండేది,
ఇప్పుడు చేయి ఆగితే చూపూ ఆగాల్సి వస్తోంది.

అలా ఆగినచోట కనబడింది.
పటం పైన వెంట్రుకంత సన్నగా మొదలైన గీత
కిందికి వచ్చేసరికి మందమైంది.
నైరుతి మూల, బిర్చి అడవి అంచున
మూడు చోట్ల వణికింది.
పక్కన రెండక్షరాలు, ఒక తేదీ.
సాయంత్రమై ఉంటుంది.
కలం దించి, మణికట్టు నొక్కుకుని,
మళ్లీ ఎత్తి ఉంటాడు. లేదా ఎత్తి ఉంటుంది.

గీత తిన్నగా లాగేయొచ్చు, రూలు అదే.
నీళ్లు ఎలాగూ గీతను చూసి పారవు.
నేను మాత్రం
వణికినచోటల్లా ఒక నొక్కు నొక్కుతూ
మెల్లగా వెళ్లాను.
టిక్కు.
టిక్కు.
ఎదురుగా ఔస్మా పళ్లు కొరికింది.